రంగూ మందూ ఒకే సీసాలో

మా తాడిపత్రిలో టించరు అంటే తెలియని ఇల్లు వుండదు. ఇది బండల వూరు. గనిలో బండ లేపేవాడికీ, యంత్రం దగ్గర పాలిషు పట్టేవాడికీ, లారీకి ఎత్తే కూలీకీ వేలు నలగడం, కాలు చెక్కుకుపోవడం రోజూ వున్నదే. అందుకని గూట్లో అగ్గిపెట్టె పక్కన ఒక గోధుమరంగు సీసా వుండడం మా వైపు ఆచారమైపోయింది. పిల్లవాడు పడి మోకాలు గీచుకుని వచ్చాడా, అవ్వ ముందు అడిగేది ఒకటే: "ఆ టించరు సీసా యాడుందో చూడండప్పా!" ఇంగ్లీషువాడు టింక్చరు అన్నాడు. పని తొందరలో మనవాళ్ల నోట మధ్య అక్షరం జారిపోయింది. ఆస్పత్రిలో పోసే మిక్స్చరూ ఇలాగే మిచ్చరై, కారపు బూందీతో కలిసిపోయింది. టించరుకు ఆ అదృష్టం పట్టలేదు. దానికి వేరే గతి పట్టింది.

ఆ గతిని గురించే మా వూరి పెద్దావిడ ఒకరు నాకు కార్డు రాశారు. కార్డులో వున్న ప్రశ్న ఇది: "నిషేధం కాలంలో మా నాయన తాగి చెడిపోయినదీ టించరే. నేడు నా మనవరాలి మోకాలికి రాస్తావున్నదీ టించరే. రెండింటికీ ఒకటే పేరు ఎట్ల వచ్చింది? ఆ మాటకు అసలు అర్థం మందా, సారాయా?"

ఆవిడ అడిగిన తీరు చూస్తే ఇది కాలక్షేపానికి అడిగిన ప్రశ్న కాదని తెలుస్తూనే వుంది. కనుక నిఘంటువులు ముందు వేసుకుని కూర్చున్నాను. తేలినదేమిటంటే, ఆ మాటకు మొదటి అర్థం మందూ కాదు, సారాయీ కాదు. రంగు!

లాటిన్ భాషలో టింగెరె అని ఒక క్రియ వుంది. ముంచడం, తడపడం, రంగు వేయడం దాని అర్థాలు. తడపడమనే అర్థంగల గ్రీకు మాట తెంగెయిన్ దానికి చుట్టం. ఆ క్రియనుంచి పుట్టిన నామవాచకం టింక్టూరా. అంటే బట్టలకు రంగు వేసే పని. ఇంగ్లీషులోకి ఈ మాట వచ్చిన కొత్తలో, 1400 ప్రాంతంలో, అక్కడా రంగు అనే అర్థమే వుండేది. సీసా, బిరడా, కాంపౌండరు అన్నీ తరువాత వచ్చి చేరినవి.

ఈ కుటుంబం చాలా పెద్దది. లేతరంగును ఇంగ్లీషువాళ్లు టింట్ అంటారు. ఒక రంగులో మరో రంగు జీర కనిపిస్తే టింజ్ అంటారు. జర్మనీలో టింటె అంటే సిరా. స్పెయినులో టింటో అంటే ఎర్ర ద్రాక్షసారా. యూరపులో ప్రభువుల డాళ్లమీద వేసే వంశచిహ్నాలలో వాడే రంగులన్నిటికీ కలిపి ఇప్పటికీ టింక్చర్లనే పేరు. కుటుంబమన్నాక చెడిపోయినవాడు ఒకడైనా వుంటాడు గదా! మచ్చ, మాలిన్యం అని అర్థంగల టెయింట్ అనే మాటలోనూ ఈ రక్తం వుంది. రంగు వేస్తే సింగారం, అంటుకుంటే మరక. ఒకే చుక్క పట్టుచీరమీద పడితే ఒక పేరు, తెల్లపంచెమీద పడితే మరో పేరు!

తెలుగువాడికి ఇది వింతగా తోచనక్కరలేదు. మనకు అద్దు అనే క్రియ వుంది. చీరకు రంగు అద్దుతాం. ఆ పనే అద్దకం. కొయ్య అచ్చును రంగులో ముంచి గుడ్డమీద వత్తే పెడన పనివాడిని అడగండి, అద్దకం అంటే ఏమిటో చెబుతాడు. మరి వేలు తెగితే ఏం చేస్తాం? పసుపు అద్దుతాం. ఆ తరువాత టించరూ అద్దుతాం. గుడ్డకూ గాయానికీ ఒకే క్రియ! లాటిన్ చదవని మా అవ్వలు లాటిన్ అర్థాన్ని తెలియకుండానే కాపాడుతూ వచ్చారు.

రంగు మాట మందుల అంగడికి ఎలా వచ్చిందో చూద్దాం. వేరుగానీ, ఆకుగానీ, బెరడుగానీ తెచ్చి నీళ్లలో వేస్తే కొంత సారమే దిగుతుంది. నీళ్లకు లొంగని సారం స్పిరిట్టుకు లొంగుతుంది. నలగగొట్టిన దినుసును స్పిరిట్టులో నాలుగు రోజులు నానబెడితే, నీళ్లలాంటి ఆ స్పిరిట్టు మెల్లగా పసుపో, ఎరుపో, గోధుమరంగో తిరుగుతుంది. గుడ్డ రంగు పీల్చుకున్నట్టే స్పిరిట్టు రంగు పీల్చుకున్నది. అంటే దినుసులోని గుణం దానిలోకి దిగినట్టే. రంగే గుర్తు, రంగే సాక్ష్యం. అందుకని ఆ ద్రవాన్ని టింక్చర్ అన్నారు. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషులో ఈ అర్థం స్థిరపడింది.

వైద్యులకంటే ముందు ఈ మాటను పట్టుకున్నవారు రసవాదులు. సీసాన్నో రాగినో బంగారం చేయాలంటే దానికి బంగారపు రంగు లోపలిదాకా పట్టించాలని వారి నమ్మకం. ఆ పని చేసే అద్భుత వస్తువునూ టింక్చర్ అనే పిలిచారు. మన పరుసవేదికి అది పినతల్లి కొడుకన్నమాట. రసవాదం మా సీమకు కొత్తది కాదు. వేమన బంగారం చేసే విద్యకోసం తిరిగాడనీ, తరువాత అదంతా రోసి విరాగి అయ్యాడనీ కథ చెప్పుకుంటారు. ఆయన సమాధి వున్నదని చెప్పే కటారుపల్లె కదిరి దగ్గరే వుంది. బంగారం పుట్టలేదు గాని, రసవాదుల బట్టీలూ పాత్రలూ మందులు చేసేవారికి పనికివచ్చాయి. వారి మాటలూ వెంట వచ్చాయి.

మన భాషలో ఇటువంటి మాట లేదా అని వెదికితే ఇంట్లోనే దొరికింది. కషాయం! జలుబు చేస్తే శొంఠి, మిరియాలు వేసి కాచి ఇచ్చే కషాయమే. సంస్కృతంలో ఆ మాటకు వగరు రుచి అని ఒక అర్థం, కాచి తీసిన రసం అని ఒక అర్థం, ఎర్రమట్టి లాంటి రంగు అని మరొక అర్థం. సన్యాసి కట్టే కాషాయం ఆ రంగునుంచే వచ్చింది. వగరు బెరళ్లను కాచిన నీళ్లలో గుడ్డను ముంచితే ఆ రంగు పడుతుంది. అంటే మందుకు కాచేదీ, గుడ్డకు పట్టేదీ ఒకటే!

అంతటితో ఆగలేదు. జైనులు కషాయమనే మాటకు ఇంకొక అర్థం ఇచ్చారు. క్రోధం, మానం, మాయ, లోభం అనే నాలుగూ వారికి కషాయాలు. ఇవి జీవుడికి జిగురులా అంటుకుని కర్మ అనే రంగును పట్టించేస్తాయని వారి సిద్ధాంతం. జైనులలో మహాచార్యుడైన కుందకుందుడి పేరు మా జిల్లాలో గుంతకల్లు దగ్గరి కొనకొండ్లతో ముడిపడి వుంది. ఆ గుట్టమీద జైన విగ్రహాలను ఇప్పటికీ చూడవచ్చు. రంగు, మందు, మరక. పడమటి టింక్చరు కుటుంబంలో వున్న మూడు అర్థాలూ మన కషాయంలో వున్నాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసి నేర్చుకున్నది కాదు. రెండు చోట్లా మనుషులు ఒకే పని చేశారు, ఒకే సంగతి గమనించారు.

అన్నట్టు, మందు అనే మన మాట కూడా తక్కువది కాదు. తుపాకిమందు, పురుగుమందు, ఎరువుమందు, ఇక సాయంకాలపు మందు సంగతి చెప్పనే అక్కరలేదు. వీటన్నిటిలో నాకు ఇష్టమైనది నీలిమందు. పొరుగున కడప జిల్లాలో పందొమ్మిదో శతాబ్దంలో నీలిచెట్టు పెద్ద పంట. ఆకును తొట్లలో నానబెట్టి, చిలికి, అడుగున దిగిన నీలాన్ని బిళ్లలుగా కోసి ఎండబెట్టి అమ్మేవారు. 1897లో జర్మనీలో ఫ్యాక్టరీ నీలి అమ్మకానికి వచ్చాక ఆ తొట్లు ఎండిపోయాయి. ఆ బిళ్ల తాగేది కాదు, పూసేది కాదు. వట్టి రంగు. అయినా మనవాళ్లు దాన్ని మందన్నారు. అక్కడ మందుకు రంగు పేరు పెట్టారు, ఇక్కడ రంగుకు మందు పేరు పెట్టాం. లెక్క సరిపోయింది.

నిజానికి ఈ రెండు వ్యాపారాలకూ సరుకు ఒకే శెట్టి అంగడిలో దొరికేది. కరక్కాయ తీసుకోండి. త్రిఫలలో అది ఒకటి, దగ్గుకు బుగ్గన పెట్టుకుంటాం. కాళహస్తి కలంకారీ పనివాడు బొమ్మ వేయబోయే గుడ్డను ముందు కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలోనే నానబెడతాడు. పటిక తీసుకోండి. గడ్డం గీసుకుంటే తెగినచోట రాస్తాం. చీరకు ఎర్రరంగు వెలిసిపోకుండా పట్టించేదీ ఆ పటికే. పసుపు సంగతి చెప్పేదేముంది! వంటకు, ఒంటికి, పుండుకు, బట్టకు, పూజకు ఒకటే కొమ్ము. దానికి కాస్త సున్నం తగిలిస్తే ఎర్రబడి పెళ్లికూతురి పాదాలకు పారాణి అవుతుంది. మా పెన్న ఏడాదిలో చాలా నెలలు వట్టి ఇసుకే. చెలమ తవ్వి కడవ నింపుకునే చోట, నానబెట్టినదాన్ని దేన్నీ వృథాగా పారబోయరు. దేనికి ఏది పనికివస్తుందో జనం అలా పట్టి చూసినవారే.

ఇంతవరకు మాట ముచ్చట. ఇక కార్డులోని రెండో సగానికి వస్తాను.

మద్రాసు రాష్ట్రంలో మద్యనిషేధం 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మొదలైంది. మరుసటి ఏడు కడప, చిత్తూరు జిల్లాలకు వచ్చింది. 1948 అక్టోబరు 2 నాటికి రాష్ట్రమంతా పరుచుకుంది. అనంతపురం అప్పుడు ఆ రాష్ట్రంలోదే. కల్లు దుకాణం, సారాయి దుకాణం మూతపడ్డాయి. చాలా ఇళ్లలో పొయ్యి వెలిగింది, ఆడవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. అది నిజం. కాని తాగుడు అలవాటైనవాడి కళ్లు మందుల అంగడి బీరువామీద పడ్డాయి. అక్కడ సర్కారువారు మూయలేని సీసా ఒకటి కనిపించింది. అల్లం టించరు! కడుపుబ్బరానికి నీళ్లలో నాలుగు చుక్కలు వేసుకోవలసిన మందు అది. అల్లం సారం కొద్ది, తక్కినదంతా ఘాటైన స్పిరిట్టు. పేరు మందు, చీటీ మందు, బీరువా మందుల బీరువా. పోలీసు అడిగితే "కడుపులో నొప్పి సామీ" అంటే చాలు.

మందులలోని స్పిరిట్టును నిషేధం కిందికి తేవచ్చునా అన్న వివాదం బొంబాయి రాష్ట్రంనుంచి సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. 1951లో బల్సారా కేసులో, మందులకూ సింగార సామగ్రికీ ఆ నిషేధం వర్తించదని కోర్టు చెప్పింది. న్యాయంగా చూస్తే అది సరైన మాటే. రోగికి మందు దొరకాలి గదా! కాని ఆ తలుపు సందులోనుంచి బండ్లు బండ్లు టించరు దూరింది. చివరకు పార్లమెంటు 1955లో, ఇటువంటి స్పిరిట్టు మందులను ఒక రాష్ట్రంనుంచి మరో రాష్ట్రానికి తరలించే వ్యాపారాన్ని అదుపు చేయడానికి ప్రత్యేకంగా ఒక చట్టమే చేయవలసి వచ్చింది. ఒక మందుల సీసాకోసం పార్లమెంటు కూర్చున్నదంటే ఆ సీసా ఎంత దూరం పోయిందో వూహించవచ్చు. ఇక్కడ ఆంధ్రరాష్ట్రంలో నిషేధం గొడవమీదే 1954 నవంబరులో ప్రకాశంగారి మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది.

ఇది మన వూళ్ల బలహీనత అనుకుని తల వంచుకోనక్కరలేదు. అమెరికాలో 1920 నుంచి 1933 వరకు నిషేధం నడిచినప్పుడు అక్కడి బీదవాళ్లు తాగినదీ అల్లం సారమే. జమైకా అల్లం అని దాని పేరు. సర్కారు తనిఖీని తప్పించుకోవడానికి కొందరు వ్యాపారులు అందులో ఒక రసాయనం కలిపారు. 1930లో ఆ సీసా తాగిన వేలాదిమందికి కాళ్లు పడిపోయాయి. చాలామంది బతికినన్నాళ్లూ పాదాలు ఈడ్చుకుంటూనే నడిచారు. వాళ్లూ తాగేటప్పుడు "మందే గదా" అనే అనుకున్నారు.

అమ్మా, మీ నాయనగారిని ముంచినదీ ఆ నమ్మకమే అనుకుంటాను. సారాయి దుకాణానికి పోయేవాడికి తాను పాడుపని చేస్తున్నానని లోపల ఒక గుచ్చుకోలు వుంటుంది. టించరు సీసా ఆ గుచ్చుకోలును తీసేస్తుంది. మందనే పేరు వున్నచోట మనిషి జాగ్రత్త సడలిపోతుంది. మీ మనవరాలి మోకాలికి రాసేది అయోడిన్ టించరు. అది స్పిరిట్టులో కరిగించిన అయోడిన్. మీ నాయనగారు తాగినది స్పిరిట్టులో దిగిన అల్లం. రెండింటికీ పేరు కలిసింది స్పిరిట్టువల్ల, రంగువల్ల. ఒకటి పైపూతకే. పొరబాటున కడుపులోకి పోతే అది విషం. రెండోది కడుపుకే. కాని చుక్కల లెక్కన.

అయోడిన్ అనే మాట కూడా రంగు పేరే. 1811లో పారిస్‌లో కుర్త్వా అనే ఆయన సముద్రపు నాచు బూడిదనుంచి సురేకారం తయారీకి కావలసిన సరుకు తీస్తుండగా వూదారంగు పొగ లేచింది. గ్రీకులో వూదాపువ్వును బట్టి ఆ కొత్త పదార్థానికి పేరు పెట్టారు. వూదా అనే పేరుగలది, రంగు అనే పేరుగల ద్రవంలో కూర్చుని, మన మోకాలిమీదికి వచ్చేసరికి గోధుమరంగు అయింది. రంగుమీద రంగు!

రంగును చూసి మందును నమ్మే అలవాటు మనందరిలో వుంది. మా చిన్నాయన ఒకరు కాంపౌండరు. ఆయన అనేవారు: "రంగు లేకుంటే అది మందే కాదనుకుంటారప్పా జనం. తెల్లది పోసిచ్చినామంటే గేటు దాటకముందే పారబోస్తారు. ఎర్రది పోసినామనుకో, రేపు ఇంకో సీసా తెచ్చుకుంటారు." కడుపునొప్పికి ఆ కాలపు ఆస్పత్రులలో పోసిన ఎర్రమందులో వుండేది ఏలకుల టించరు. దాని ఎరుపు ఏలకులది కాదు. కోచినీలు అనే చిన్న పురుగునుంచి తీసిన రంగు. వట్టి రంగుకోసమే ఆ పురుగు టించరును బీరువాలో విడిగా కూడా పెట్టుకునేవారు. అంటే టింక్చరు మళ్లీ తన పుట్టింటికి, రంగు దగ్గరికి, చేరిందన్నమాట.

రంగుకూ మందుకూ వున్న ఈ చుట్టరికం శాస్త్రజ్ఞులనూ తిప్పలు పెట్టింది. 1856లో లండన్‌లో పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రవాడు మలేరియాకు క్వినైన్ చేయబోతే వూదారంగు పుట్టింది. మందుకోసం పోతే రంగు దొరికింది. ఫ్యాక్టరీ రంగుల యుగం అక్కడ మొదలైంది. తరువాత జర్మనీలో డోమాక్ అనే వైద్యుడు రంగులలో మందు వెదికాడు. 1932లో ప్రాంటోసిల్ అనే ఎర్రరంగు, చీము పట్టించే క్రిములనుంచి ఎలుకలను కాపాడింది. తన కుమార్తెకు సూది గుచ్చుకుని చేయి తీసేయవలసిన స్థితి వస్తే, ఆయన ఆ ఎర్రమందే ఇచ్చి చేయిని దక్కించుకున్నాడు. ఎలుకలమీది ఫలితాలను 1935లో ప్రకటించాడు. లోకం ఆశ్చర్యపోయింది. అదే ఏడు పారిస్‌లోని పాశ్చర్ సంస్థవారు అసలు గుట్టు విప్పారు. ఒంట్లో ఆ ఎర్రరంగు రెండుగా విడిపోతుంది. పనిచేసే ముక్కకు రంగే లేదు! అదే సల్ఫా మందు. ఎరుపు వట్టి వేషం.

ఈ రంగులేని సల్ఫా మందే రెండేళ్లలో ఒక ఘోరానికి కారణమైంది. ఆ ఘోరంలో ఒక మాట అర్థం ప్రాణాలు కాపాడింది. 1937లో అమెరికాలో ఒక కంపెనీ సల్ఫాను పిల్లలు కూడా తాగేలా ద్రవంగా చేయాలనుకుంది. తియ్యగా వుండే డైఇథిలీన్ గ్లైకాల్ అనే ద్రావకంలో కరిగించి, పండు రుచి, ఎర్రరంగు కలిపి, ఎలిక్సిర్ అని పేరు పెట్టి అమ్మింది. ఆ ద్రావకం మూత్రపిండాలను చంపుతుంది. వందమందికి పైగా చనిపోయారు. వారిలో పసిపిల్లలు ఎందరో. అప్పటి చట్టం ప్రకారం, మందు విషమో కాదో ముందుగా పరీక్షించాలన్న నిబంధన లేదు. మరి అధికారులు ఆ సీసాలను దేని కింద పట్టుకున్నారు? ఎలిక్సిర్ అనే మాటకు మందుల శాస్త్రంలో స్పిరిట్టు కలిసినదని అర్థం. ఇందులో స్పిరిట్టు చుక్క కూడా లేదు. కనుక పేరు అబద్ధం! ఆ ఒక్క నేరం కిందనే ఇంటింటికీ తిరిగి మిగిలిన సీసాలన్నీ వెనక్కు తెచ్చారు. ద్రావణం అని పేరు పెట్టి వుంటే పట్టుకోవడానికి దారే వుండేది కాదు. అమ్మే ముందే మందు నిరపాయమని చూపించాలన్న చట్టం 1938లో అక్కడ వచ్చింది.

ఎప్పటి కథో అనుకుని వదిలేయడానికి లేదు. 2022లో ఆఫ్రికాలోని గాంబియాలో పిల్లలు మూత్రపిండాలు చెడి చనిపోతుంటే, మన దేశంలో తయారైన సిరప్పులలో ఆ విషద్రావకమే దొరికిందని ప్రపంచ ఆరోగ్యసంస్థ హెచ్చరించింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గుమందు తాగిన పసివాళ్లు పోయారు. ఆ సీసాలోనూ అదే. అన్నీ చూడ ముచ్చటైన సీసాలే. అన్నిటిమీదా మందు అనే రాసి వుంది.

ఇక ఇంటికి పనికివచ్చే నాలుగు మాటలు చెప్పి విరమిస్తాను.

ఇప్పుడు మన ఇళ్లలో టించరు అని పిలుస్తున్నది చాలావరకు టించరు కాదు. పోవిడోన్ అయోడిన్ అనే మందు. 1950లలో వచ్చింది. అందులో స్పిరిట్టు లేదు, నీళ్లే. అందుకే పాత టించరంత చురుక్కుమనదు. మంట లేదు గనుక పనిచేయడం లేదని కొందరు పెద్దలు పెదవి విరుస్తారు. ఆ పాత మంట మందు గుణం కాదు, పచ్చిపుండుమీద స్పిరిట్టు పెట్టే మంట. ఎర్రమందు అని మనం పిలిచిన మెర్క్యురోక్రోములో పాదరసం వుంటుంది. 1998లో అమెరికా మందుల శాఖ దాన్ని నిరపాయమైన మందుల వరుసలోనుంచి తీసేసింది. పాత సీసా గూట్లో వుంటే దాన్ని అక్కడే వుంచి నమ్ముకోనక్కరలేదు.

బండ తగిలి తెగితే ముందు శుభ్రమైన నీళ్లతో, సబ్బుతో కడగండి. లోతు గాయంలో టించరు పోయకండి. డాక్టరుగారికి చూపించి ధనుర్వాతపు సూది సంగతి అడగండి. కుక్క కరిస్తే పావుగంట సేపు ధారగా కడిగి, ఆలస్యం లేకుండా ఆస్పత్రికి పోండి. పసిపిల్లలకు దగ్గుమందు మీ అంతట మీరు కొనకండి. అంగడివాడు ఎంత పరిచయస్తుడైనా చీటీ లేకుండా వద్దు. తాగే సీసా, పూసే సీసా ఒకే గూట్లో పెట్టకండి. ఒకటి పై అరలో, పిల్లల చేతికి అందనిచోట వుండాలి.

సీసా చేతికి తీసుకోగానే మన కన్ను రంగుమీదికి పోతుంది. అది సహజం. మాట పుట్టిందే అలా. కాని కన్ను అక్కడ ఆగకుండా, చీటీమీద సన్నటి అక్షరాలదాకా పోవాలి. అక్షరాలు కనపడకపోతే బడికి పోయే మనవరాలిని పిలిచి చదివించుకోండి. ఆ పిల్ల చదువుకు అంతకంటే మంచి పరీక్ష వుండదు.